మంచం జరిగింది... ప్లగ్గు జరగలేదు

పోయినేడు మే నెల. రియాద్‌కు ఉత్తరాన కొత్తగా కడుతున్న ఒక విల్లాలో పని నడుస్తోంది. మజ్లిస్ గదిలో టేపు పట్టి, సాకెట్లు ఎక్కడ రావాలో గోడల మీద గుర్తులు పెట్టిస్తున్నాను. ఫోన్ మోగింది. జగిత్యాల దగ్గర మా ఊరి నుంచి అక్క.

"తమ్మీ, అమ్మ పడ్డది. మణికట్టు ఇరిగిందంట."

"ఎట్ల పడ్డది అక్కా?"

"బాపు మంచం కాడికి గుంజిన వైరు కాళ్లకు తట్టింది."

కాసేపు నోట మాట రాలేదు. చేతిలో ఇంకా మార్కర్ ఉంది. పరాయి వాళ్ల ఇంట్లో ఏ ప్లగ్గు ఎంత ఎత్తులో ఉండాలో సెంటీమీటర్లలో చెప్పేవాణ్ణి నేను. నిజామాబాద్ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాను. ఈ దేశం వచ్చి పదిహేనేళ్లు కావస్తోంది. మా సొంత ఇంట్లో మాత్రం మా అమ్మ వైరు తట్టుకొని పడింది.

ఆ ఇల్లు 2017లో కట్టాం. అందరి ఇళ్లలాగే ఫోన్ మీద కట్టిన ఇల్లు. మేస్త్రీ అడిగితే డబ్బులు పంపడం, ఫోటోలు చూసి "సరే" అనడం. వైరింగ్ దగ్గరికొచ్చేసరికి నేను చెప్పింది ఒకటే ముక్క: "రూముకు రెండు ప్లగ్గులు పెట్టండి". ఎలక్ట్రిషియన్ తనకు సులువైన చోట పెట్టి పోయాడు. హాల్లో ఒకటి టీవీ షోకేసు వెనక, ఇంకోటి దర్వాజ పక్కన స్విచ్ బోర్డులో, మనిషి ఛాతీ ఎత్తున. అప్పుడు అందరం బాగున్నాం కాబట్టి ఎవరికీ లోటు కనిపించలేదు.

తర్వాత బాపుకు పక్షవాతం వచ్చింది. వెనక గదిలో గాలి ఆడదని, వచ్చిపోయే మనుషులు కనిపిస్తే ఆయనకు పొద్దు పోతుందని మంచం హాల్లో కిటికీ కిందికి మార్చారు. వీపు పుండ్లు పడకుండా గాలి పరుపు వేశారు. దాని పంపు రాత్రింబవళ్లు నడవాలి. టేబుల్ ఫ్యాన్ ఒకటి, ఫోన్ చార్జర్ ఒకటి. మూడింటికీ కరెంటు కావాలి, కిటికీ గోడకేమో ఒక్క ప్లగ్గూ లేదు. టీవీ దగ్గర్నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగారు. ఆ వైరు వెనక గది తలుపుకు అడ్డంగా పోయింది. అమ్మ ఏడాది పాటు రోజూ దాన్ని దాటింది. ఒకరోజు దాటలేకపోయింది.

సోఫాల వెనక ఫీష్

సౌదీలో ప్లగ్గును, సాకెట్‌ను 'ఫీష్' అంటారు, ఎక్కువ ఉంటే 'అఫ్యాష్'. ఎక్స్‌టెన్షన్‌ను 'తౌసీలా' అంటారు. విల్లా పనుల్లో ఉన్నవాళ్లకు ఈ రెండు మాటలు రోజుకు యాభై సార్లు చెవిలో పడతాయి. ఇల్లు చేతికిచ్చిన నెలకే యజమాని పిలిచి అడిగేది కూడా అదే: ఇక్కడ ఫీష్ లేదేం?

మజ్లిస్ చూసినవాళ్లకు కారణం తెలుసు. మన ఇళ్లలో సోఫా ఒక గోడకు ఉంటుంది. వీళ్ల మజ్లిస్‌లో మెత్తలు, సోఫాలు మూడు గోడల వెంట, ఒక్కోసారి నాలుగు గోడల వెంటా వరసగా ఉంటాయి. డ్రాయింగ్‌లో సాకెట్ నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మేం అలాగే పెడతాం. సామాను వచ్చాక అన్నీ మెత్తల వెనక్కి పోతాయి. అప్పుడు ఎవరో ఒకరు తౌసీలా తెచ్చి కార్పెట్ కింద నుంచి లాగుతారు. ఒకసారి రిపేరుకు వెళ్లి అలాంటి కార్పెట్ ఎత్తి చూశాను. అడుగు పొడవున వైరు పైతొడుగు మెత్తబడి కార్పెట్‌కు అంటుకుంది. వైరు వేడి గాలిలోకి పోవాలి. పైన కార్పెట్, దాని మీద మనుషులు ఉంటే ఎక్కడికి పోతుంది?

తప్పు ఎవరిదని నేను ఇప్పుడు అడగను. డ్రాయింగ్ వేసినవాడికి సోఫాల సంగతి తెలియదు, సోఫాలు కొన్నవాడికి డ్రాయింగ్ సంగతి తెలియదు. గోడకు ప్లాస్టర్ అయిపోయాక ఇద్దరూ కలుస్తారు.

హోల్డర్‌లోంచి గోడలోకి

అసలు కరెంటు ఇళ్లలోకి వచ్చిన కొత్తలో గోడలో ప్లగ్గు అనేదే లేదు. కరెంటంటే బల్బు, అంతే. ఇస్త్రీ పెట్టె లాంటివి వచ్చాక బల్బు తీసి ఆ హోల్డర్‌కే తగిలించేవాళ్లు. అమెరికాలో హార్వే హబ్బెల్ అనే ఆయన బల్బు హోల్డర్‌లో మర బిగించే ముక్క, దాన్నుంచి ఊడదీయగలిగే పిన్నుల ముక్క తయారుచేసి 1904లో పేటెంట్ తీసుకున్నాడు. ఈరోజు మనం ప్లగ్గు పెట్టడం, పీకడం అంటున్నది అక్కడ మొదలైంది.

జపాన్ కథ మనలాంటి వాళ్లకు ఇంకా దగ్గర. కొనొసుకె మత్సుషిత అనే కుర్రాడు తొమ్మిదేళ్లకే బడి మానేసి పనిలో చేరాడు. ఒసాకా కరెంటు కంపెనీలో వైర్‌మన్ అయ్యాడు. మనలో ఎందరో చేసే పనే. 1918లో సొంతంగా చిన్న కార్ఖానా పెట్టాడు. అక్కడ చేసిన మొదటి సరుకుల్లో ఒకటి రెండు దారుల సాకెట్. ఇంట్లో ఉన్న ఒక్క బల్బు హోల్డర్‌కు దాన్ని తగిలిస్తే ఒక పక్క దీపం, ఇంకో పక్క ఇంకో సామాను నడుస్తాయి. ఆ కార్ఖానాయే పెరిగి పెరిగి పానాసోనిక్ అయింది. మన ఊళ్లలో ప్రతి స్విచ్ బోర్డు మీదా చూసే యాంకర్ కంపెనీలో ఎక్కువ వాటాను 2007లో కొన్నది కూడా ఈ మత్సుషిత సంస్థే.

మన దగ్గరా ఇదే నడిచింది. హోల్డర్‌లో పిన్ను గుచ్చి టేప్ రికార్డర్ పెట్టుకున్న ఇళ్లు మీకూ గుర్తుండే ఉంటాయి. మా పాత ఇంట్లో చెక్క పట్టీల మీద వైరింగ్ ఉండేది. టేకు పట్టీ, దాని మీద వైరు, జానెడుకో రేకు క్లిప్పు. చూపులకు అందంగా ఉండేది కాదు. కానీ బోర్డు ఈ గోడ నుంచి ఆ గోడకు మార్చాలంటే మేకులు పీకి మళ్లీ కొట్టడమే. సగం పూట పని. బాపు ఒకసారి రేడియో కోసం అలా మార్పించాడు.

తర్వాత కన్సీల్డ్ వైరింగ్ వచ్చింది. పైపులు గోడలోకి పోయాయి, ఇల్లు నున్నగా అయింది. ఆ నునుపుకు మనం ఇచ్చుకున్న ఖరీదు ఇది: ప్లగ్గు కదలదు. కదలాలంటే గాడి కొట్టాలి, ప్లాస్టర్ చేయాలి, రంగు వేయాలి. ఎవరు పెట్టుకుంటారు అంత పని? అందుకే ఇంటింటా తౌసీలా.

అమెరికా వాళ్లు దీనికి ఒక లెక్క పెట్టుకున్నారు. వాళ్ల వైరింగ్ కోడ్ ప్రకారం ఇంట్లో గోడ వెంట ఏ చోట నుంచి చూసినా ఆరడుగుల లోపు ఒక సాకెట్ ఉండాలి. టేబుల్ లైటు లాంటి సామాన్ల వైరు సాధారణంగా ఆరడుగులు ఉంటుంది కనుక. అంటే సామాను ఎక్కడ పెట్టినా ఎక్స్‌టెన్షన్ అక్కర లేకుండా అందాలని. ఎక్కువ సాకెట్లు పెట్టడం కూడా ఒక రకంగా ప్లగ్గును కదిలించడమే. మన ఇళ్లలో "రూముకు రెండు" అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో నాకైతే అంతుపట్టలేదు. బహుశా ఎలక్ట్రిషియన్ పాయింటుకింత అని కూలి తీసుకుంటాడు కాబట్టి కావచ్చు.

సనాయియా గదిలో

ఇక మనం ఉండే గదుల సంగతి. నేను మొదట్లో సనాయియాలో ఉన్నప్పుడు ఆరుగురం ఒక గదిలో, గోడకు రెండు సాకెట్లు. ఒకటి ఏసీకి. మిగిలిన ఒక్కదానికి ఒక బాక్సు, ఆ బాక్సుకు ఇంకో బాక్సు, దానికి మూడోది. ఆరు ఫోన్లు, ఒక రైస్ కుక్కర్, ఒక కెటిల్, ఇస్త్రీ పెట్టె. ప్రతివాడి మంచానికీ కరెంటు రావాలి. మంచమే మన ఇల్లు మరి.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మూడో బాక్సు దగ్గర పొగ వచ్చింది. కోరుట్ల తమ్ముడు ఒకడు దుప్పటి మంచం కిందికి వేలాడేసి పడుకున్నాడు, దాని అంచు కమిలింది. అందరం మేలుకొని ఉన్నాం కాబట్టి సరిపోయింది. రాత్రి రెండు గంటలకైతే ఏమయ్యేదో ఆలోచించడం నాకిష్టం లేదు.

ఇక్కడ ఒక విషయం మన వాళ్లు చాలామందికి తెలియదు, కొంచెం ఓపికగా చదవండి. సౌదీలో పాత బిల్డింగుల్లో 127, 220 రెండు రకాల వోల్టేజీలు ఉంటాయి. 2010లో ప్రభుత్వం దేశమంతా 230/400 వోల్టులకు దశలవారీగా మారాలని నిర్ణయించింది. కొత్త ఇళ్లన్నీ అలాగే వస్తున్నాయి. కానీ మనం అద్దెకుండేవి పాత బిల్డింగులే కదా, 127 ఇంకా కనిపిస్తూనే ఉంది.

దాంతో రెండు తేడాలు. మొదటిది, ఒకే వాట్లకు 127లో ఎక్కువ ఆంపియర్లు పోతాయి. 1500 వాట్ల సామాను 220లో సుమారు 7 ఆంపియర్లు తీసుకుంటే, 127కు చేసిన అంతే వాట్ల సామాను సుమారు 12 తీసుకుంటుంది. వైరు వేడెక్కడం ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే అదే వైరు దాదాపు మూడు రెట్లు వేడెక్కుతుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న సన్న వైరు బాక్సు దీనికి ఆగదు.

రెండోది ఇంకా ముఖ్యం. మన ఊళ్లో ప్లగ్గులో ఒక రంధ్రం ఫేజు, ఇంకోటి న్యూట్రల్. టెస్టర్ ఒకదాంట్లోనే వెలుగుతుంది. ఇక్కడి 127/220 బిల్డింగుల్లో 220 సాకెట్ అంటే రెండు ఫేజుల మధ్య తీసిన కరెంటు. టెస్టర్ రెండు రంధ్రాల్లోనూ వెలుగుతుంది. బాక్సు మీది చిన్న స్విచ్చు ఒక తీగనే ఆపుతుంది. "స్విచ్చు బంద్ చేసిన కదా" అని కుక్కర్ వైరు విప్పితే, రెండో తీగలో కరెంటు ఉండనే ఉంటుంది. అందుకే ఇలాంటి చోట రెండు తీగలనూ ఒకేసారి ఆపే బ్రేకర్ ఉండాలి. మనం మాత్రం ఏది ముట్టుకోవాలన్నా ముందు ప్లగ్గు గోడలోంచి పూర్తిగా పీకాలి.

ఇంకో అలవాటు. మూడు పలకల సాకెట్‌లో రెండు పిన్నుల చార్జర్ దూరకపోతే పై రంధ్రంలో పెన్ను గుచ్చడం. నేనూ చేశాను, దాచడమెందుకు. ఆ సాకెట్ బ్రిటన్‌లో 1947లో ప్రమాణంగా వచ్చింది, సౌదీ కూడా 220, 230 వోల్టులకు దాన్నే తీసుకుంది. ప్లగ్గు పైన ఉండే పొడుగు పిన్ను ముందుగా లోపలికి పోయి కింది రెండు రంధ్రాల మూతలు తెరుస్తుంది. యుద్ధం తర్వాత కట్టబోయే ఇళ్లకు ఏ ప్లగ్గు ఉండాలని బ్రిటన్‌లో వేసిన కమిటీలో ఒకే ఒక్క మహిళ ఉన్నారు, ఇంజినీర్ కారొలిన్ హ్యాస్లెట్. పిల్లలు వేళ్లు, పుల్లలు పెట్టకుండా మూతలుండాలని పట్టుబట్టిన వాళ్లలో ఆమె ముఖ్యురాలు. మనం పెన్ను గుచ్చేది ఆ మూత మీదనే. పైగా రెండు గుండ్రటి పిన్నులు ఆ పలకల రంధ్రాల్లో గట్టిగా పట్టుకోవు. వదులైన చోటే వేడి పుడుతుంది. బత్హాలో మంచి అడాప్టర్‌కు పెట్టే రియాళ్లు ఒక పూట టీ, సమోసాలకు పెట్టేంతే.

బాక్సుకు బాక్సు తగిలించకండి. కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె గోడ సాకెట్‌లోనే, అదీ ఒకదాని తర్వాత ఒకటి. బాక్సు వైరు మీద ఎన్ని చదరపు మిల్లీమీటర్లో రాసి ఉంటుంది. 1.5 కంటే సన్నదైతే ఫోన్లకే వాడండి. చుట్ట చుట్టిన వైరు మీద పెద్ద సామాను నడపకండి. సైట్‌లో కేబుల్ డ్రమ్ము చూశారు కదా, దాని మీద రెండు అంకెలుంటాయి. చుట్ట మీద ఉన్నప్పుడు తక్కువ వాట్లు, పూర్తిగా విప్పాక ఎక్కువ. గదిలో సాకెట్లు చాలకపోతే క్యాంప్ బాస్‌కు నోటితో కాదు, ఫోటోతో వాట్సాప్‌లో చెప్పండి. మీరే గోడ విప్పకండి. మంటే వస్తే రియాద్, మక్కా, మదీనా, తూర్పు ప్రాంతాల్లో 911, మిగతా చోట్ల సివిల్ డిఫెన్స్‌కు 998.

సైట్‌లో అన్నీ కదిలేవే

విచిత్రం చూడండి. గోడల్లో కదలని ప్లగ్గులు పెట్టే మనం, సైట్‌లో వాడేవన్నీ కదిలేవే. స్టాండు మీద డిస్ట్రిబ్యూషన్ బాక్సు, దానికి లావు రబ్బరు కేబుల్, నీలం రంగు సాకెట్లు సింగిల్ ఫేజుకు, ఎర్రవి త్రీ ఫేజుకు. స్లాబు పైకి పోతుంటే బాక్సూ పైకి పోతుంది. కేబుల్ నడిచే దారిలో ఉంటే సేఫ్టీ ఆఫీసర్ ఊరుకోడు. స్టాండ్ల మీద పైకెత్తి కట్టిస్తాడు. అక్కడ వైరు తట్టుకొని పడితే రిపోర్టు, మీటింగు. ఇంట్లో పడితే ఏ మీటింగూ లేదు.

పెద్ద ఆఫీసు టవర్లలో పని చేసినవాళ్లు ఇంకోటి చూసి ఉంటారు. నేల మీద 60 సెంటీమీటర్ల చదరపు పలకలు, కింద ఖాళీ. ఆ ఖాళీలో కేబుళ్లు, పలకల్లో సాకెట్ పెట్టెలు. టేబుళ్లు మారిస్తే పలక ఎత్తి పెట్టెను అటు పెట్టడమే. కార్ఖానాల్లో పైన బస్‌బార్ పోతుంటుంది, మెషిన్ ఎక్కడుంటే అక్కడ ట్యాప్-ఆఫ్ పెట్టె తగిలిస్తారు.

ఇళ్లకు కూడా దానికి తమ్ముడి లాంటిది వచ్చింది. గోడకు ఒక పట్టాలాంటి రైలు, లోపల రాగి పట్టీలు. సాకెట్ ముక్కను ఎక్కడంటే అక్కడ పెట్టి తిప్పితే కరెంటు అందుకుంటుంది. తీసి ఇంకోచోట పెట్టుకోవచ్చు. దీనికి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది, ఐఈసీ 61534. ఒక విల్లా వంటింట్లో నేనే బిగించాను. యజమాని భార్య మిక్సీని ఇటు, ఓవెన్‌ను అటు జరుపుకొని చూసి ముచ్చటపడింది. నాకూ నచ్చింది. కానీ నా ఇంటికి పెట్టుకోను. ఖరీదు ఒక సంగతి. ఒక కంపెనీ రైలులో ఇంకో కంపెనీ ముక్క పట్టదు. పదేళ్ల తర్వాత ఆ ముక్క విరిగితే జగిత్యాలలో ఎవరిస్తారు? రైలు సందులో చేరే దుమ్ము సంగతి రియాద్‌లో ఇసుక గాలి చూసినవాళ్లకు చెప్పనక్కర లేదు. మన ఊరి ఎలక్ట్రిషియన్ విప్పి బాగు చేయగలిగేదే మన ఇంటికి పనికొచ్చేది.

తాడు పొడవున్నంత మేత

అమ్మ చేతికి కట్టు వేయించిన మర్నాడే వీడియో కాల్‌లో ఎలక్ట్రిషియన్ అన్నను కూర్చోబెట్టాను. ఆయన మొదట అన్న మాట: "గాడి కొడితె అయిపోతది గద తమ్మీ?" కొట్టొచ్చు. కానీ మంచం మళ్లీ జరిగితే? డాక్టర్ ఇంకో మిషను పెట్టమంటే? నేను అడిగింది కదిలే ప్లగ్గు.

గేదెను గుంజకు కడితే తాడు పొడవున్నంత మేర మేస్తుంది కదా, అదే లెక్క. కిటికీ గోడ పన్నెండడుగులు. దాని మధ్యలో కదలని జంక్షన్ పెట్టె, అది గుంజ. గోడ పొడవునా, నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తున మూత ఊడి వచ్చే వెడల్పాటి పీవీసీ ట్రంకింగ్. సాకెట్ పెట్టెకు లోపలి నుంచి అయిదడుగుల మెత్తటి మూడు తీగల రాగి కేబుల్, 2.5 చదరపు మిల్లీమీటర్లది, అది తాడు. సాకెట్ పెట్టె గుంజకు ఇటు అయిదడుగులు, అటు అయిదడుగులు పోగలదు. మిగిలిన కేబుల్ ట్రంకింగ్‌లో ముందుకు వెనక్కి మడిచి ఉంటుంది, చుట్ట చుట్టి కాదు. అడుగుకో జత రంధ్రాలు ముందే వేసి పెట్టాం. జరపాలంటే ఎంసీబీ దించి, మూత ఊడదీసి, రెండు మరలు విప్పి బిగించాలి. పది నిమిషాల పని. కరెంటు ఉండగా జరిపేది కాదు, అమ్మ జరిపేదీ కాదు. ఎత్తు రెండున్నర అడుగులు ఎందుకంటే నడుం వంచకుండా మంచం మీద కూర్చొనే అందుకోవచ్చు, ఇల్లు కడిగినప్పుడు నీళ్లు తగలవు.

మెయిన్ బోర్డు నుంచి దీనికి వేరే లైను, వేరే ఎంసీబీ, దాంతోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. లైను తలుపు మీద నుంచి, చౌకట్టు పక్కన ఎక్కించి దింపాం. గడప మీద నుంచి ఏ తీగా పోకూడదని అన్నకు రెండుసార్లు చెప్పాను.

మొదటి రోజే కుదిరిందనుకోకండి. అన్న జగిత్యాల నుంచి తెచ్చింది సన్నపాటి కేసింగ్. మడిచిన కేబుల్ పట్టక మూత పొద్దున పెడితే సాయంత్రం ఊడిపోయింది. కరీంనగర్ నుంచి నాలుగు అంగుళాల వెడల్పుది తెప్పించాం. అది కుదిరాక ఆర్‌సీసీబీ నిలబడలేదు. ఎత్తగానే పడిపోతోంది.

"ఇది మంచిది కాదు తమ్మీ, తీసేద్దామా?" అన్నాడు అన్న.

ఇక్కడే చాలా ఇళ్లలో ఆర్‌సీసీబీ బయటికి పోతుంది. పడిపోతోందంటే అది చెడిపోయిందని కాదు, ఏదో చూసిందని. వద్దన్నా, వెతుకుదాం అన్నాను. నాకిక్కడ రాత్రి డ్యూటీ అయ్యాక, ఆయనకు అక్కడ తెల్లవారుజామున, రెండు రోజులు వెతికాం. చివరికి హాలు బోర్డులో దొరికింది. కొత్త లైను న్యూట్రల్‌ను పాత లైట్ల న్యూట్రల్‌తో కలిపి టేపు చుట్టేశారు. ఫేజులో పోయిన కరెంటు వేరే దారిలో తిరిగి వస్తుంటే ఆర్‌సీసీబీ దాన్ని లీకేజీ అనుకుంటుంది. విడదీయగానే నిలబడింది. ఆ వెతుకులాటలోనే ఇంకోటి బయటపడింది: మా ఎర్త్ గుంత ఎండిపోయి ఉంది. మే నెల, ఎర్ర నేల. ఇల్లు కట్టినప్పటి నుంచి దాంట్లో ఎవరూ చెంబెడు నీళ్లు పోయలేదు. ఇప్పుడు అక్క కొడుకు వారానికోసారి బకెట్ పోస్తున్నాడు.

సామానుకు, కూలికి కలిపి నాకైన ఖర్చు ఒక నెల గది కిరాయి వాటా కన్నా తక్కువ. అమ్మ కట్టుకు, ఆసుపత్రికి తిరగడానికి అయింది దానికి నాలుగింతలు.

కొత్త ఇల్లు కడుతున్నవాళ్లకు ఇంకా సులువు. గోడలు నిలబడి ప్లాస్టర్ కాకముందు ప్రతి గోడకూ ఒక ఖాళీ పైపు వేయించండి, లోపల లాగడానికి ఒక తీగ ఉంచి. చివర లోతైన పెట్టె, దాని మీద ఖాళీ మూత. పైపు, పెట్టె ఖరీదు పెద్దగా ఉండదు. రేపు ఏ గోడకు కరెంటు కావాలన్నా వైరు లాగితే చాలు, గాడి అక్కర లేదు. ప్లాస్టర్‌కు ముందు ప్రతి గోడకూ టేపు పట్టి ఫోటో తీయించి ఫోన్‌లో దాచుకోండి. ఇక్కడ మేం ప్రతి విల్లాకూ అలాగే తీస్తాం, మేకు కొట్టేటప్పుడు పైపు ఎక్కడుందో తెలియాలి కదా. మంచం పక్క ప్లగ్గుకు మంచం పెట్టాక ఎత్తు చూడండి, ముందు కాదు. అన్నిటికంటే ముందు ఫోన్ మేస్త్రీకి కాకుండా ఇంట్లో ఆడవాళ్లకు ఇవ్వమనండి. గ్రైండర్ ఎక్కడ తిప్పుతావు, ఫోన్ ఎక్కడ పెడతావు, బట్టలు ఎక్కడ ఇస్త్రీ చేస్తావు అని అడగండి. నేను 2017లో అడగలేదు.

ఒక చిన్న మాట, దీనికి సంబంధం ఉన్నదే. ఇక్కడ నుంచి ఫ్యాన్లు కొని ఇంటికి పంపేవాళ్లు దాని మీద 50 అని కూడా రాసి ఉందో లేదో చూడండి. సౌదీ కరెంటు 60 హెర్ట్‌జ్, మనది 50. 60కే చేసిన ఫ్యాను మన దగ్గర మెల్లగా తిరుగుతుంది, వేడెక్కుతుంది.

మొన్న నవంబరులో బాపు మంచం మళ్లీ మారింది. తలాపి ఇటు పెడితే రోడ్డు మీద పోయే బస్సులు కనిపిస్తాయని ఆయన చేత్తో చూపించాడట. మాట ఇంకా సరిగ్గా రాదు. అన్న వచ్చి ప్లగ్గును మూడు రంధ్రాలు అటు జరిపి పోయాడు. సాయంత్రం అమ్మ ఫోన్ చేసి ఆ సంగతి చెప్పలేదు, చలి గురించి, పత్తి రేటు గురించి మాట్లాడింది. నేనే అడిగితే, "జరిపిండు బిడ్డా, బాపు బస్సులు లెక్క పెడుతుండు" అంది.

ఇక వంటిల్లు మిగిలింది. అమ్మ ఇంతకుముందు గ్రైండర్‌ను నేల మీద పెట్టుకొని తిప్పేది. చెయ్యి విరిగినప్పటి నుంచి స్టూలు మీద కూర్చుంటోంది, గ్రైండర్ గట్టు మీదికెక్కింది. ప్లగ్గు మాత్రం ఇంకా కిందనే ఉంది. మార్చిలో సెలవు పెట్టాను.